కర్త ఒక్కడేనా?

భగవద్గీత రెండో అధ్యాయంలోని 47వ శ్లోకం వినని తెలుగువాళ్లు అరుదు. పని మీదే మనకు అధికారం, ఫలం మీద కాదన్న ఆ బోధను పదవీ విరమణ సభల్లో, పరీక్ష తప్పిన పిల్లల దగ్గర, అప్పుల్లో మునిగిన రైతు ముందు కూడా చెబుతూనే ఉంటాం. ఆ అధికారం ఎందుకు లేదన్న ప్రశ్న మాత్రం పెద్దగా వేసుకోం. వేసుకున్నా రెండు జవాబులతో సరిపెట్టుకుంటాం. ఫలం మీద ధ్యాస పెడితే చేతిలో పని చెడుతుందన్నది ఒకటి, ఫలం ఇచ్చేవాడు భగవంతుడన్నది మరొకటి. మొదటిది మంచి సలహా, రెండోది విశ్వాసం. రెండింటినీ కాదనను. అయితే లోకంలో పనులు నిజంగా ఎలా జరుగుతాయో చూసి చెప్పే మూడో జవాబు ఒకటుంది, అది గీతలోనే పద్దెనిమిదో అధ్యాయంలో ఉంది. ఏ కర్మ నెరవేరడానికైనా ఐదు కారణాలు కలిసిరావాలని, వాటిలో కర్త ఒకడు మాత్రమేనని, తానొక్కడే కర్తనని అనుకునేవాడు సరిగ్గా చూడనట్టేనని ఆ అధ్యాయం చెబుతుంది. రెండో అధ్యాయంలోని ఆదేశానికి కారణం అక్కడుందని నా నమ్మకం. పని ఎవరి ఒక్కరిదీ కాదు, అందుకే ఫలం మీద ఒక్కరికే హక్కు పుట్టదు. దీనికి నాకు తెలిసిన గట్టి సాక్ష్యం ఒక భౌతికశాస్త్రవేత్త జీవితం. ఈరోజు పోర్ట్ బ్లెయిర్‌లోని మిడిల్ పాయింట్‌లో ఎవరైనా బండి మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలించుకుంటే డాక్టరు ముందుగా రాసేది సీటీ స్కాన్. దాని వెనక ఉన్న లెక్కను వేసినవాళ్లలో ఒకరు అలన్ కార్మాక్.

కార్మాక్ 1924లో జొహానెస్‌బర్గ్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు ఉత్తర స్కాట్లాండ్ నుంచి దక్షిణాఫ్రికాకు వలస వచ్చినవాళ్లు. తండ్రి తపాలా శాఖలో ఇంజినీరు, తల్లి టీచరు. 1936లో తండ్రి పోయాక కుటుంబం కేప్‌టౌన్ చేరింది. కుర్రాడికి నక్షత్రాల మీద మోజు ఉండేది, కానీ వాటిని నమ్ముకుంటే ఇల్లు గడవదని ఎలక్ట్రికల్ ఇంజినీరింగులో చేరాడు. రెండేళ్లకు మనసు ఆగక భౌతికశాస్త్రానికి మారాడు. కేంబ్రిడ్జిలో ఒట్టో ఫ్రిష్ దగ్గర పరిశోధన మొదలుపెట్టి, డాక్టరేటు చేతికి రాకుండానే 1950లో కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో లెక్చరరుగా తిరిగొచ్చాడు. ఇక్కడిదాకా ఇది ఎందరో చదువుకున్నవాళ్ల కథే. 1955లో ఊళ్లోని గ్రూట్ స్కూర్ ఆసుపత్రి భౌతికశాస్త్రవేత్త ఉద్యోగం వదిలి వెళ్లిపోయాడు. రేడియోధార్మిక పదార్థాలను అర్హతగల భౌతికశాస్త్రవేత్త పర్యవేక్షణలోనే వాడాలని ఆ దేశపు చట్టం. ఊరు మొత్తం వెతికితే ఆ పనికి తగినవాడు కార్మాక్ ఒక్కడే కనిపించాడు. అలా 1956 తొలి ఆరు నెలలు వారానికి ఒకటిన్నర రోజు ఆసుపత్రికి వెళ్లడానికి ఒప్పుకున్నాడు. అది ఆయన ఎంచుకున్న పని కాదు, కావాలని అడిగిందీ కాదు. ఒకరి రాజీనామా, ఒక చట్టంలోని నిబంధన ఆయన్ని ఆ గదిలోకి నెట్టాయి.

ఆ గదిలో చూసింది ఆయన్ని నిలవనివ్వలేదు. క్యాన్సరు రోగికి రేడియేషన్ ఇచ్చే ముందు శరీరంలో ఏ లోతున ఎంత మోతాదు పడుతుందో పటాలు చూసి లెక్కగట్టేవారు. ఆ పటాలు మనిషి శరీరమంతా ఒకే పదార్థంతో నిండి ఉన్నట్టు భావించేవి. ఎముక ఎక్కువ పీల్చుకుంటుంది, ఊపిరితిత్తి తక్కువ పీల్చుకుంటుంది, కండ మరోలా. ఆ తేడా తెలియకుండా మోతాదు సరిగ్గా పడదు. తేడా తెలియాలంటే శరీరం లోపల ప్రతి బిందువు దగ్గర కిరణం ఎంత తగ్గుతుందో బయటి నుంచే కనిపెట్టాలి. మామూలు ఎక్స్‌రే దానికి పనికిరాదు, ఎందుకంటే అందులో పక్కటెముక, గుండె, వెన్ను అన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఒకే నీడ అవుతాయి. పది ఉత్తరాలు దొంతరగా పెట్టి దీపానికెదురుగా పట్టుకుంటే అక్షరాలన్నీ కలగాపులగమైనట్టు అన్నమాట. ఒకే అడ్డుకోతను ఎన్నో దిక్కుల నుంచి, ఎన్నో సన్నని గీతల వెంట కొలిచి, ఆ కొలతలన్నిటి నుంచి లోపలి పటాన్ని గణితంతో వెనక్కి రాబట్టవచ్చా? కార్మాక్ ముందు నిలిచిన ప్రశ్న ఇది. ఇంత సహజమైన ప్రశ్నకు ఎవరో ఎప్పుడో జవాబు చెప్పే ఉంటారని ఆయన అనుకున్నాడు. వెతికితే దొరకలేదు. తనే కూర్చుని సాధించాడు.

1957లో చేసిన తొలి ప్రయోగం చాలా చిన్నది. గుండ్రటి అల్యూమినియం దిమ్మ, దాని చుట్టూ చెక్క వలయం. ఒకవైపు కోబాల్ట్-60 నుంచి వచ్చే సన్నని గామా కిరణం, ఎదురుగా గీగర్ కౌంటర్. వస్తువు అన్ని దిక్కుల నుంచీ ఒకేలా ఉంటుంది కనక ఒక దిక్కున కొలిస్తే చాలు. దిమ్మను కొద్దికొద్దిగా జరుపుతూ కొలతలు తీసి, లెక్కగట్టి, గ్రాఫు మీద చుక్కలు పెట్టాడు. అల్యూమినియం ఎక్కడ ఆగిందో, చెక్క ఎక్కడ మొదలైందో గ్రాఫు చెప్పేసింది. ఒక్క తేడా ఉంది. నడిమధ్యకు దగ్గరగా ఉన్న మూడు చుక్కల వాలు మిగతా అల్యూమినియం చుక్కల వాలుతో కలవలేదు. తేడా స్వల్పమే. పనిముట్టు పొరపాటని వదిలేస్తే అడిగేవాళ్లు లేరు, ఆ ప్రయోగం గురించి తెలిసినవాళ్లే లేరు. దిమ్మ చేసిన వర్క్‌షాపులో వాకబు చేస్తే అసలు సంగతి బయటపడింది. దిమ్మ మధ్యలో కిరణాన్ని కొంచెం తక్కువగా పీల్చుకునే వేరే అల్యూమినియం సీల దిగేసి ఉంది. కంటికి కనబడని, తయారుచేసినవాళ్లకు తప్ప మరెవరికీ తెలియని ఆ సీలను లెక్క ముందుగా పట్టుకుంది. ఈ మూడు చుక్కలతో మనకు మళ్లీ పని పడుతుంది.

ఆ తరవాతి కథలో చెప్పుకోదగ్గది నిశ్శబ్దమే. కార్మాక్ అమెరికా వెళ్లి టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో స్థిరపడ్డాడు. ఆయన అసలు ఉద్యోగం అణుకేంద్రక, కణ భౌతికశాస్త్రం. ఈ లెక్కను తీరిక దొరికినప్పుడు ముందుకు తీసుకెళ్లాడు. సమరూపత లేని వస్తువు మీద కూడా ప్రయోగం చేసి 1963లో ఒకటి, 1964లో ఒకటి రెండు వ్యాసాలు ఒక భౌతికశాస్త్ర పత్రికలో అచ్చువేశాడు. స్పందన దాదాపు శూన్యం. వచ్చిన కొద్ది ఉత్తరాల్లో గుర్తుండిపోయేది స్విట్జర్లాండులోని హిమపాతాల పరిశోధనా కేంద్రం నుంచి వచ్చింది, కొండల మీద పేరుకున్న మంచును కొలవడానికి ఈ పద్ధతి పనికొస్తుందేమోనని. వైద్యరంగం మాత్రం తిరిగి చూడలేదు. ఇంగ్లండులో ఈఎంఐ కంపెనీ ఇంజినీరు గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ 1967 నుంచి, కార్మాక్ వ్యాసాల ఊసే తెలియకుండా, తన దారిలో ఇదే సమస్యకు మరో పరిష్కారం కట్టుకుంటూ వచ్చాడు. ఆయన తొలి యంత్రానికి ఒక్క బొమ్మకు 28,000 కొలతలు తీయడానికి తొమ్మిది రోజులు పట్టింది, కంప్యూటరు వాటిని లెక్కగట్టడానికి రెండున్నర గంటలు. కబేళా నుంచి తెచ్చిన ఎద్దుల మెదళ్ల మీద పరీక్షించాడు. 1971 అక్టోబరు 1న లండన్ శివారు వింబుల్డన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో తొలి రోగి తలను స్కాన్ చేశారు, మెదడులో కణితి ఉందని అనుమానించిన ఒక మహిళ ఆమె. 1979లో వైద్య నోబెల్ కార్మాక్‌కు, హౌన్స్‌ఫీల్డ్‌కు కలిపి ఇచ్చారు. ఒకరికి డాక్టరేటు లేదు, మరొకరికి విశ్వవిద్యాలయ డిగ్రీయే లేదు.

ఇంతకన్నా నన్ను కదిలించేది మరొకటుంది. ఎవరో ఎప్పుడో జవాబు చెప్పే ఉంటారన్న కార్మాక్ ఊహ నిజమే. ఆస్ట్రియా గణితవేత్త జొహాన్ రాడాన్ 1917లోనే ఆ సమస్యను పూర్తిగా సాధించి ప్రచురించాడు. మొదటి ప్రపంచయుద్ధం నడుస్తోంది, ఆ వ్యాసాన్ని వైద్యంతో ముడిపెట్టే ఆలోచన ఎవరికీ లేదు, రాడాన్‌కూ లేదు. కార్మాక్‌కు ఈ సంగతి తెలిసింది 1970ల మొదట్లో, తన పని అంతా అయిపోయాక. రాడాన్ కన్నా ముందే డచ్ భౌతికశాస్త్రవేత్త లోరెంట్జ్ ఇదే సమస్యను త్రిమితీయ రూపంలో సాధించాడు. 1956లో, కార్మాక్ ఆసుపత్రిలో అడుగుపెట్టిన ఏడాదే, బ్రేస్‌వెల్ అనే రేడియో ఖగోళవేత్త ఆకాశం నుంచి వచ్చే తరంగాలను పటంగా మార్చడానికి ఇలాంటి లెక్కే వేశాడు. రాడాన్ చనిపోయిందీ 1956లోనే. తన లెక్క మనిషి మెదడును తెరవకుండానే చూపిస్తుందని ఆయనకు తెలియదు.

ఇప్పుడు ఆ ఐదు కారణాలను ఈ కథ పక్కన పెట్టి చూడండి. అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, దైవం అని గీత లెక్కపెడుతుంది. శంకరులు అధిష్ఠానమంటే శరీరమని వ్యాఖ్యానించారు. నేను దాన్ని పని నిలబడే చోటుగా, పరిస్థితిగా కాస్త విస్తరించి చదువుతున్నాను. గ్రూట్ స్కూర్ గది, ఖాళీ అయిన ఉద్యోగం, ఆ చట్టం అధిష్ఠానం. కోబాల్ట్, కౌంటర్, వర్క్‌షాపులో దిమ్మ కోసిన చేయి, తరవాత వచ్చిన కంప్యూటరు కరణాలు. ఏళ్ల తరబడి ఒకరికొకరు తెలియకుండా రాడాన్, లోరెంట్జ్, బ్రేస్‌వెల్, హౌన్స్‌ఫీల్డ్ పడ్డ శ్రమ చేష్టలు. ఎవరి చేతిలోనూ లేనిది దైవం: ఎక్స్‌రే కిరణం ఎముకలో ఒకలా, మెదడులో ఒకలా తగ్గడమనే ప్రకృతి ధర్మం ఉంది చూశారూ, దాన్ని ఎవరూ తయారుచేయలేదు. ఇన్నిటి నడుమ కార్మాక్ అనే కర్త వాటా ఎంత? సున్నా మాత్రం కాదు. కానీ ఫలం మొత్తాన్ని తనదిగా రాసుకునేంత కూడా కాదు. గీత ఇక్కడ మనకు వినయం నేర్పుతోందని అనడం కన్నా, జరిగినదాన్ని జరిగినట్టు చెబుతోందని అనడమే సరైనది. సీటీ స్కాన్ చరిత్రను నిజాయితీగా రాయబోయిన ఏ చరిత్రకారుడైనా, గీత చదవకపోయినా, అదే జాబితాకు చేరతాడు.

దీనికి మొదటి ఆక్షేపణ లౌకికుల నుంచి వస్తుంది, అది తేలికైనది కాదు. ఫలాపేక్ష లేని కార్మాక్ వ్యాసాలు గ్రంథాలయంలో దుమ్ము పట్టాయి, యంత్రాన్ని రోగి దాకా తెచ్చింది లాభం కోరిన కంపెనీయే కదా, అప్పుడు ఫలాపేక్షే లోకాన్ని నడిపిస్తోందని ఒప్పుకోవాలి కదా అంటారు. సగం ఒప్పుకుంటాను. లాభాపేక్ష లేకపోతే ఆ యంత్రం అంత త్వరగా వచ్చేది కాదు. కానీ ఈఎంఐ ఒక్కటే తేలేదు. బ్రిటిష్ ప్రభుత్వ ఆరోగ్యశాఖ అండ కూడా తోడైంది. పైగా లాభం కోసం దిగినవాళ్లకు ఫలం నిలిచిందా అంటే అదీ లేదు. పదేళ్లు తిరగకుండానే పోటీ కంపెనీలు ముందుకు దూసుకెళ్లాయి, ఈఎంఐ మరో కంపెనీలో కలిసింది, స్కానర్ వ్యాపారం చేతులు మారింది. ఫలాన్ని కోరడం తప్పో ఒప్పో అటుంచితే, కోరినంత మాత్రాన అది మన అదుపులోకి రాదని ఈ ఉదాహరణే చెబుతోంది. శ్లోకం చెప్పే అధికారం సరిగ్గా ఇదే, అదుపుకు సంబంధించినది.

రెండో ఆక్షేపణను నేను మరింత గౌరవంతో చూస్తాను. ఫలం మీద నీకు హక్కు లేదన్న మాట శ్రమ చేసేవాడి నోరు మూయించడానికి యజమానికి బాగా పనికొస్తుంది. దీన్ని పోర్ట్ బ్లెయిర్ గడ్డ మీద నిలబడి కాదనడం ఎవరికీ సాధ్యం కాదు. 1896 నుంచి 1906 దాకా సెల్యులర్ జైలును కట్టింది ఖైదీల చేతులే. గానుగకు కట్టి రోజుకు 30 పౌన్ల కొబ్బరినూనె తీయమన్నదీ ఖైదీలనే. రంప తిరుగుబాటులో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొరను పంపిందీ అండమాన్‌కే. ఆ గానుగ దగ్గర నిలబడి నిష్కామకర్మ గురించి ఉపన్యసించే జైలరు ధర్మం చెబుతున్నట్టు కాదు, అధర్మానికి శ్లోకాన్ని తొడుగుతున్నట్టు. అందుకే ఇక్కడ ఒక గీత గీయాలి. కూలి వేరు, ఫలం వేరు. కూలి అంటే ఒకరి సమయానికి, చెమటకు మరొకరు పడ్డ బాకీ. అది తీర్చవలసినది, అడిగి తీసుకోవలసినది, ఎగ్గొడితే పోరాడవలసినది. ఫలం అంటే పని లోకంలోకి వెళ్లాక ఏమవుతుందన్నది. రెండో అధ్యాయం మాట్లాడుతున్నది రెండోదాని గురించి. ఇంకొక నియమం కూడా పెట్టుకోవాలని నా అభిప్రాయం: ఆ శ్లోకాన్ని మనిషి తనకు తాను చెప్పుకోవాలి, తన కింద పనిచేసేవాడికి చెప్పకూడదు. కృష్ణుడు చెప్పింది యుద్ధానికి సిద్ధమై వచ్చిన రాజకుమారుడికి, రథం తుడిచే సేవకుడికి కాదు. మనుషుల శ్రమను పిండిన ఆ జైలు ఆవరణలోనే 1963లో గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రి వెలిసింది, కార్మాక్ తొలి వ్యాసం అచ్చయిన ఏడాదే. ఖైదీల శ్రమకు అది పరిహారం కాదు, ఏదీ కాజాలదు. ఆ ఆసుపత్రి మంచిదనాన్ని చూపించి ఆ జైలును సమర్థించబోయేవాళ్లు నిష్కామకర్మ పేరు ఎత్తకుండా ఉంటే మంచిది.

గుర్తింపు సంగతేమిటి, అది కూలిలోకి వస్తుందా ఫలంలోకి వస్తుందా అని అడగవచ్చు. ఎంఆర్ఐ చరిత్రలో రేమండ్ డమేడియన్ ఉదంతం ఈ ప్రశ్నను కుదిపి చూపిస్తుంది. కణితి కణజాలం అయస్కాంత క్షేత్రంలో మామూలు కణజాలానికి భిన్నంగా స్పందిస్తుందని 1971లో చూపించినవాడు, 1977లో బతికున్న మనిషి ఛాతీని తన యంత్రంతో స్కాన్ చేసినవాడు ఆయన. 2003లో నోబెల్ లాటర్‌బర్‌కు, మాన్స్‌ఫీల్డ్‌కు వెళ్లింది. డమేడియన్ పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలు వేయించి నిరసన తెలిపాడు. ఆయన్ని తప్పుపట్టడం సులువు, నేను ఆ పని చేయను. తన వాటా చరిత్రలో నమోదు కావాలని అడగడం న్యాయమే, ఎందుకంటే అది సత్యానికి సంబంధించినది. కానీ బహుమతి సత్యాన్ని నమోదు చేసే చోటు కాదు. ముగ్గురికి మించి ఇవ్వకూడదన్న నియమమే అక్కడ సత్యానికి అడ్డం. ఒక పనికి ఐదు కారణాలుంటే, బహుమతి వాటిలో ఒక్కదాన్ని, అందులోనూ కొందరు మనుషులను మాత్రమే చూస్తుంది. బహుమతి రాకపోవడాన్ని అన్యాయంగా లెక్కవేస్తే, రాడాన్‌కు జరిగినది ఇంకా పెద్ద అన్యాయం కావాలి. ఆయన పనికి ఏమి జరిగిందో ఆయనకే తెలియదు కదా.

మూడో ఆక్షేపణ లోతైనది. కర్త ఒక్కడు కానప్పుడు తప్పుకూ బాధ్యుడు ఒక్కడు కాడు. అప్పుడు మోతాదు ఎక్కువ కొట్టిన ఆపరేటరు, పటం తప్పు చదివిన డాక్టరు, నాసిరకం యంత్రం అంటగట్టిన వ్యాపారి అందరూ ఆ ఐదు కారణాల వెనక దాక్కోరా? కర్తృత్వాన్ని పంచితే బాధ్యత ఆవిరైపోదా? ఇక్కడే ఆ మూడు చుక్కలు పనికొస్తాయి. గ్రూట్ స్కూర్ ఉద్యోగం ఖాళీ కావడం కార్మాక్ చేతిలో లేదు. అల్యూమినియంలో సీల ఉండటం ఆయన చేతిలో లేదు. వ్యాసాలు ఎవరైనా చదవడం, చదవకపోవడం అసలే లేదు. తన చేతిలో ఉన్నది ఒక్కటే, వాలు కలవని చుక్కలను కలిసినట్టు చూపకుండా ఉండటం. ఆ చోట ఆయన స్థానంలో మరొకరు లేరు, అక్కడ కర్త నూటికి నూరుపాళ్లు ఆయనే. పని మీదే అధికారం అన్నప్పుడు పని అంటే ఇదే: కొలత తీసే క్షణంలోని జాగ్రత్త, గ్రాఫు ముందు నిజాయితీ. బాధ్యత ఉండేదీ అక్కడే. ఫలాన్ని ఐదుగురు పంచుకోవచ్చు, ఈ జాగ్రత్తను మాత్రం పంచుకోలేం. మోతాదు చూసుకోని ఆపరేటరు తప్పు ఫలానికి సంబంధించినది కాదు, అతని అధికారంలో ఉన్న పనికి సంబంధించినది, కనక ఐదు కారణాల సిద్ధాంతం అతన్ని విడిచిపెట్టదు, ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ఫలం మీద హక్కు వదులుకున్నవాడి మీద పని బరువు తగ్గదు.

నిష్కామం అంటే పట్టనితనం అనుకునేవాళ్లు మన ఆధ్యాత్మిక సభల్లో తక్కువేమీ కాదు. ప్రయోగశాల, పరికరం, కొలత ఇవన్నీ సంసారమని, సన్న్యాసికి వాటితో పని లేదని అంటారు. వాళ్లకు మన తెలుగు నేల మీదే జవాబు ఉంది. 1896లో భీమవరం దగ్గరి గొరగనమూడిలో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు సన్న్యసించి స్వామి జ్ఞానానంద అయ్యాడు, హిమాలయాల్లో తపస్సు చేశాడు, ఆధ్యాత్మిక ఉపన్యాసాలకు జర్మనీ వెళ్లి అక్కడ భౌతికశాస్త్రంలో పడ్డాడు. ప్రాగ్‌లోని చార్ల్స్ విశ్వవిద్యాలయంలో ఎక్స్‌రే వర్ణపటాల మీద డాక్టరేటు తీసుకున్నాడు. గాలి లేని శూన్యాన్ని గాజు, లోహ పాత్రల్లో ఎలా సాధించాలో పుస్తకం రాశాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతికశాస్త్ర పరిశోధనకు పునాది వేసి 1969లో కన్నుమూశాడు. విశాఖలోని ఆ ప్రయోగశాలకు ఆయన పేరే పెట్టారు. అన్నీ వదిలానన్న మనిషి పంపులో గాలి చొరబడే పగులును వెతుకుతూ గంటలు గడపడంలో నాకు వైరుధ్యం కనిపించదు. ఫలాన్ని వదిలినవాడికి పని చిన్నదవదు, పెద్దదవుతుంది, ఎందుకంటే పట్టుకోవడానికి ఇంకేమీ మిగలదు.

చివరిగా, కార్మాక్‌కు నోబెల్ వచ్చింది కాబట్టే ఈ కథ చెప్పుకుంటున్నాం, రానివాళ్లను తలుచుకునేదెవరు అంటారు. నిజమే, ఆ అభ్యంతరం నా వాదానికి కూడా తగులుతుంది. అందుకే ఆయనకు వచ్చిన బహుమతిని నేను సాక్ష్యంగా తీసుకోను. 1964కూ 1971కూ మధ్య ఏడేళ్లను తీసుకుంటాను. ఆ ఏడేళ్లలో ఆ వ్యాసాలు తప్పూ కాలేదు, చిన్నవీ కాలేదు, ఎవరూ చదవకపోవడం వల్ల వాటిలోని ఒక్క సమీకరణం కూడా చెడలేదు. ఆ రోజుల్లోనే ఆయన పోయి ఉంటే వాటి విలువ ఇంతే ఉండేది, కాకపోతే ఆ సంగతి మనకు తెలిసేది కాదు. ఇంకొక విషయం. 1956లో ఆయన్ని నిలవనివ్వనిది రోగనిర్ణయం కాదు, క్యాన్సరు చికిత్సలో మోతాదు. లోకం మాత్రం ఆ లెక్కను మొదట కణితిని, రక్తస్రావాన్ని కనిపెట్టడానికి వాడుకుంది. ఆయన అసలు కోరిన పని, అంటే రోగి శరీరంలో ఎక్కడ ఎముకో ఎక్కడ కండో చూసి రేడియేషన్ మోతాదు నిర్ణయించడం, ఈరోజు క్యాన్సరు ఆసుపత్రుల్లో సీటీ స్కాన్ తీసి చేసే మామూలు ప్రక్రియ. చెన్నైకో విశాఖకో ఓడ ఎక్కి చికిత్సకు వెళ్లే అండమాన్ రోగికి కూడా మొదటి వారంలో జరిగేది అదే.